గవరమ్మ చేతి చిత్రిక

జ్యేష్ఠమాసపు మధ్యాహ్నమున ప్రచండమార్తాండకిరణములచేఁ గ్రాఁగిన యిసుకతిన్నెల నడుమ వేగవతీనది జ్వరపీడితురాలి మణికట్టునందలి నాడివలె నున్నదో లేదో యనునట్లు సన్నని పాయయై ప్రాఁకుచుండెను. ఆ నది దక్షిణపుగట్టుననున్న సింగవరమను నూర పక్షులు సైతము కూఁతలు మాని చూరులక్రింద నోళ్లు తెఱచి యొగర్చుచుండెను. పనసమ్రానులు తొలిచి వీణలు చేయువారు పూర్వము పదియిండ్లవారుండి కాలక్రమమున నొక్క యింటివారు మాత్రమే మిగిలిన యిఱుకువీథిలో, మూయఁబడిన తలుపు వెనుకనుండి పట్టుచీర చెఱఁగు నేలపై నీడ్చినట్టి మెత్తని ధ్వని యొకటి విరామ మెఱుఁగక వినవచ్చుచుండెను. అది పనసపలకను నున్నఁజేయుచు చిత్రిక నడచు చప్పుడు.

ఆ యిల్లు లక్కోజు సోమలింగాచారిది. నాలుగు సంస్థానముల విద్వాంసు లతని వీణలనే వాయించుచుండిరి. అతఁడు చేసిన వీణ మంద్రస్థాయిని మేఘమువలె గంభీరముగను తారస్థాయిని తేనెధారవలె నవిచ్ఛిన్నముగను బలుకునని ప్రసిద్ధి. పని చేయునపుడు పరులు చూచినచో చేతిలోని విద్య చెదరునని యతఁడు తలుపు మూసికొనునఁట. లోకులు చెప్పుకొనున దందు సగము నిజము. తలుపు మూయఁబడుట నిజమే. దాని వెనుక చిత్రిక పట్టుచున్నవాఁడు మాత్రము సోమలింగాచారి కాఁడు. పట్టుచున్నది యతని భార్య గవరమ్మ.

ఎనిమిదేండ్లకుఁ బూర్వ మొక శ్రావణమాసమున సోమలింగాచారికి సన్నిపాతజ్వరము వచ్చి ప్రాణమును విడిచిపెట్టి కుడిచేతి పట్టును మాత్రము తీసికొనిపోయెను. అన్నము కలుపుకొనుటకుఁ జాలిన బలము మిగిలెనే కాని పనిముట్టు పట్టినంతనే యా చేయి గాలికి రావియాకువలె వణఁకఁజొచ్చెను. మొద్దు కోయుటయు వీణ కుండ తొలుచుటయు కూలివాండ్రను బెట్టి యెట్లో జరుపుకొనవచ్చును. కుండకు మూఁతగా నమర్చిన పలకను దగినంత పలుచన చేయు కడపటి పని యట్టిది కాదు. వీణకు ప్రాణము పోయుట యక్కడనే. పలక దళసరియైనచో నాదము మూఁగవోవును. మితిమీఱి పలుచనైనచో పగిలిన పళ్లెరము మ్రోఁతవలె నగును. ఈ రెంటికి నడుమనున్న మేర యుల్లిపొర మందము.

గవరమ్మ భర్తకంటెఁ బదునాలుగేండ్లు చిన్నది, సంతానము లేనిది, వడ్రంగి కూఁతురగుటచే కఱ్ఱ నరముల పోకడ నెఱిఁగినది. పెనిమిటి గోడవైపు తిరిగి నిశ్శబ్దముగాఁ గన్నీరు విడుచుట నొకనాఁడు చూచి యామె యతని పెద్దచిత్రికను జేతఁ బట్టెను. మూరెడు పొడవుగల యా తుమ్మచేవ పనిముట్టు పలకపై నడువక గెంతుచు నలలవంటి మెట్లను విడిచెను. సాయంకాలమున కామె యరచేతులు బొబ్బలెక్కెను. సోమలింగాచారి యా చేతులను జూచి నోరు విప్పెను.

"ఇది నీ చేతిది కాదే గవరా. అరచేతిలో ఇమిడేది కావాల. చంటిబిడ్డకి నలుగు పెడతారు చూడు, అంత బలమే పడాల పలక మీద."

బిడ్డ యను మాట వచ్చినంతనే యిరువురును దలలు వంచుకొనిరి. అయినను ఆ యుపమానమును మించిన పాఠ మామెకు మఱియొకటి దొరకలేదు.

మంగళవారపు సంతలో పైడయ్యయను కమ్మరి పనిముట్లు పఱచుకొని కూర్చుండును. గవరమ్మ చిన్నచిత్రికలు చూపుమనఁగా నతఁ డాఱింటిని గోనెపట్టాపై నుంచెను. ఆమె తొందరపడలేదు. ఒక్కొక్కదానిని వెల్లకిలఁ ద్రిప్పి దాని యడుగుపై నుక్కుబద్దను నిలువంచున నానించి సూర్యునికెదురుగా నెత్తి చూచెను. రెండింటిలో బద్దకును అడుగునకును నడుమ వెలుతురు గీఁతవలెఁ గనఁబడెను. అడుగు వంకరయైన చిత్రిక వంకర పలకనే చేయును గనుక వానిని వెనుకకుఁ ద్రోసెను. ఇంకొకదాని నోట, కోఁతయుక్కు వెలువడు సందున, బియ్యపుగింజ సునాయాసముగాఁ దూఱెను. పనసకఱ్ఱ నరములు జడవలె పెనవేసికొని యుండును గాన, అంత నోరుగలది కఱ్ఱను దెగఁగోయకముందే పెల్లగించును. మఱియొకటి చూచుట కందమైనదే, ప్రక్కల నిత్తడిరేకులు తాపినదే, కాని తన బరువుచేతనే పలకను నొక్కునది. సీల బిగించినను కోఁతయుక్కైన యాకు కదలుచున్నదానిని తిరిగి యిచ్చివేసెను. తుదకు మిగిలినది నాలుగంగుళముల చింతచేవముక్క; వాడి వాడి నల్లవడినది; తాటాకు అంచు మాత్రము పట్టునంత నోరుగలది. దాని యాకును గోటితో మీటఁగా సన్నగా ఖంగుమనెను. ముంజేతి నూఁగుపై నడపి చూడఁగా చర్మము నెఱుఁగనీయక వెండ్రుకలను దీసికొనెను. గుప్పిట మూసి చూచుకొనెను. అది యక్కడనే పుట్టినట్లుండెను.

పైడయ్య నవ్వెను. "అదేటమ్మా, ఆచారిగారి అరసెయ్యి సేటంత ఉంటాది గదా. ఈ పిసరు సిత్రిక ఆయన సేతిలో ఆగుతాదా?"

"సందుల్లోకి, మూలల్లోకి" అని గవరమ్మ పలికెను.

"అయితే ఆయన్నే రమ్మనండి, సూసుకుంటారు."

"ఆయనే పంపారు పైడయ్యా. నేను చూస్తే ఆయన చూసినట్టే."

అది యామె యాడిన మొదటి యబద్ధము. పిమ్మట నెనిమిదేండ్లు దాని నీడలోనే యా యిల్లు నిలిచెను.

ఒక వత్సరమంతయు మామిడిచెక్కలపై నామె చేయి త్రిప్పుకొనెను. కఱ్ఱ నరము పైకి లేచి యున్నచోటఁ జిత్రికను నిటారుగాఁ ద్రోయక ఏటవాలుగాఁ బట్టి కోయవలెననియు, ఆకును దింపవలసివచ్చినపుడు సుత్తితోఁ గొట్టక గోరు తాఁకినట్లు తాఁకవలెననియు, అడుగునకు నువ్వులనూనె చుక్క రాచి నడపవలెననియు నేర్చుకొనెను. సోమలింగాచారి ప్రక్కను గూర్చుండి పలకను వ్రేలిముడుపుతోఁ దట్టి, కన్నులు మూసి విని, యెక్కడ నాదము మొద్దువాఱుచున్నదో యక్కడ సుద్దతో గీఁత గీయును. ఆమె యా గీఁత చెరిగిపోవువఱకుఁ జిత్రిక నడపును. మరలఁ దట్టును. మరల వినును. తుదకు "చాలు" అనును. ఆ మాట వినినంతనే చేయి యెత్తివేయుట తప్ప నాదమన నేమో గవరమ్మ యెఱుఁగదు. ఆ యింటి వీణలకు చెవి యతనిది, చేయి యామెది, పేరు మాత్ర మొక్కనిది.

ఇట్లుండఁగా పేరి దక్షిణామూర్తిశాస్త్రి యను వృద్ధవిద్వాంసుఁ డొకనాఁడు బండిలో వచ్చి, "ఆచారీ! నా యెడమచెవి నిరుడే పోయినది. కుడిచెవియు నానాఁటికి మందగించుచున్నది. అది మూసికొనకముందే నీ చేతి యొంటిమ్రాని వీణ నొక్కసారి వాయించి విని తృప్తి చెందవలెనని కోరిక" యని యర్థించెను. అతుకులేక కుండయు మెట్లు నిలుచు దండియు నొక్క మ్రానిలోనే మలచిన వీణను జేయుటకుఁ దగిన మొద్దు దేశమంతట వెదకినను దొరకుట యరిది. సోమలింగాచారి తండ్రి ముప్పదియేండ్ల క్రిందట నటుకపైఁ జేర్చి యారఁబెట్టిన పనసమ్రాను మాత్ర మొక్కటి యుండెను. దానిని గ్రిందికి దింపించిరి. నాలుగు మాసములు కష్టపడి కుండ తొలిపించి దండి మలపించి యా మ్రానిలోనే చీల్చిన పలకను మూఁతగా నతికించిరి. ఆ జ్యేష్ఠపు మధ్యాహ్నమున వినవచ్చుచుండిన ధ్వని యా పలక కడపటి పొరలు తీయునపుడు పుట్టినదే.

అంతలోఁ దలుపు తట్టిన చప్పుడైనది. గవరమ్మ చిత్రికను పలకప్రక్కను బెట్టి వంటయింటి తలుపుచాటునకుఁ దొలఁగెను. ఆచారి తలుపు తీయఁగా శాస్త్రి చెమటలు గ్రమ్మిన ముఖముతో లోపలికి వచ్చి చాపపైఁ గూర్చుండెను. పలకను జేతితో నిమిరెను. అతని కన్నులు చెమర్చెను.

"ఆచారీ! నలువదియేండ్లు నీ వీణలను వింటిని. చేయి నడచుట నొక్కనాఁడును జూచి యెఱుఁగను. ఇఁక వినుట నాకుఁ గొన్నినాళ్లే. నా యెదుట నాలుగు పొరలు తీయుము. విని యెఱిఁగిన విద్యను కన్నులతోఁ గూడ నెఱిఁగి పోయెదను."

రేపు రండని యుండవచ్చును. ఒంట్లో సుస్తీ యని యుండవచ్చును. సోమలింగాచారి యట్లు చేయలేదు. ఎనిమిదేండ్లుగా నతనివంక నెవ్వరు నట్లు చూచి యుండలేదు. తన చేయి తనదేయని నమ్ముచున్న యా ముదుసలి కన్నుల యెదుట నతనికిఁ దన చేయి నిజముగాఁ దనదే యనిపించినది కాఁబోలు. అతఁడు చిత్రికను దీసికొనెను.

ఆ చింతచేవముక్క యతని చేటయంత యరచేతిలో మునిఁగిపోయెను. గవరమ్మ బొటనవ్రేలు నిత్యము రాచి రాచి గుంటపడిన చోట నతని వ్రేలు కుదురుకొనలేదు. అతఁ డొకసారి త్రోసెను. పొర రాలేదు. నిజమునకుఁ బొర వచ్చినది. ఆకు నామె దింపి యుంచినది యుల్లిపొరకంటెఁ బలుచనగుటచే నది కంటికానక ధూళియై రాలినది. శాస్త్రి ముందునకు వంగి చూచుచుండెను. రెండవసారియు నట్లే యయ్యెను. తన వణఁకుడు బయలుపడుచున్నదని యాచారి తలంచెను. చెంతనున్న కొయ్యసుత్తి నందుకొని యాకు తలపై నొక్క దెబ్బ కొట్టెను.

తలుపుచాటుననున్న గవరమ్మ కా దెబ్బ తన ఱొమ్ముపైఁ బడినట్లయ్యెను. ఆకు బియ్యపుగింజలో సగము దిగినదని చప్పుడువలననే యామె యెఱిఁగెను.

"ఆగండి!" అని కేక వేసెను.

ముప్పదియేండ్ల కాపురమున బరాయివాని యెదుట నామె గొంతెత్తుట యదియే మొదలు. అతఁ డాగి యున్నచో కథ వేఱుగా నుండెడిది. కాని యా మాట యతనికి హెచ్చరికగా వినఁబడలేదు, అవమానముగా వినఁబడెను. ముఖము జేవుఱించి రెండుచేతులతోను బలముకొలఁది చిత్రికను ద్రోసెను. వణఁకుచేతిలో నది యొరగెను. ఆకు నరమున కెదురై దిగఁబడి పలకను నిలువునఁ జీల్చెను. ఆ త్రోపు నాపుకొనలేక యతఁడు ముందునకుఁ దూలి పడఁగా మోఁకాలు తగిలి కుండ యంచు నడుము వఱకుఁ బగిలెను. ముప్పదియేండ్లెండిన యా మ్రాను గుడిగంట మ్రోఁగినట్లు మ్రోఁగెను. ఆ వీణ జన్మమున కదియొక్కటియే నాదము. ఒక్క చెవి మిగిలిన శాస్త్రికి సైతమది స్పష్టముగా వినఁబడెను.

శాస్త్రి మెల్లగా వంగి క్రిందఁ బడిన చిత్రిక నెత్తెను. దాని గుంటలోఁ దన బొటనవ్రేలు పెట్టి చూచెను, పట్టలేదు. చెఱఁగు నోటఁ గ్రుక్కుకొని గడపలో నిలుచున్న గవరమ్మ చేతివంకఁ జూచెను. ఆ బొటనవ్రేలిపై కాయ కాచి యుండెను.

"అమ్మా! ఈ పనిముట్టు ఎవ్వరి చేతిది?"

"వారిదేనండి బాబూ" అని గవరమ్మ చెప్పెను.

శాస్త్రి చిత్రికను చాపపైఁ బెట్టి, "మ్రానిలోపలనే పగులుండెను గాఁబోలు, ఆచారీ. నీ దోష మేమియు లేదు" అని పలికి తల వంచుకొని వెడలిపోయెను. గవరమ్మ మాట ప్రేమచేతఁ జెప్పినది, శాస్త్రి మాట దయచేతఁ జెప్పినది. ఆ రెండబద్ధముల నడుమఁ జిక్కి సోమలింగాచారి తిరిగి తల యెత్తలేదు.

ఆషాఢము వచ్చెను. వానలు పడెను. ఆచారి మంచము దిగుట మానివేసెను. గవరమ్మ నాలుగు దినములు చూచి యైదవదినమున నతని కాళ్లకడఁ గూర్చుండెను.

"అతుకు వీణకి సరిపడే మొద్దు ఇంకొకటుంది. శాస్త్రిగారి చెవి ఉండగానే ఇచ్చేద్దాం. నా చెయ్యి ఉంది. మీరు విని చెప్పండి చాలు."

"నీ చెయ్యి ఉంది. అవును, నీ చెయ్యే ఉంది. నాదేటుందే ఇంట్లో?"

"మీ చెవి లేకపోతే నాకు గుడ్డితనమే కదండీ."

అతఁడు గోడవైపు తిరిగెను. అయినను ఆమె పని మానలేదు. కూలివాండ్రచేతఁ గుండ తొలిపించెను. దండి యతికించెను. పలక నమర్చినది మొదలు ప్రతిదినము నా వీణను బిడ్డవలె నెత్తుకొని మంచముకడకుఁ దెచ్చి వ్రేలిముడుపుతోఁ దట్టి యతని ముఖమువంకఁ జూచుచు నిలుచును. అతఁడు దుప్పటి చెవులపైకి లాగుకొనును. ఆమె కొంతసేపు నిలిచి తిరిగి తీసికొనిపోవును. ఇట్లు శ్రావణమును భాద్రపదమును గడచెను.

ఒక యుదయమున నతఁడు దుప్పటి తీసి తానై పలుకరించెను. గవరమ్మ చేతిపని విడిచి మంచముకడకు వచ్చెను.

"ఆవేళ ఆగమన్నావు. ఆకు దిగిందని నీకెలా తెలిసింది?"

"సుత్తి దెబ్బ విన్నాను."

సోమలింగాచారి నవ్వెను. ఏడ్చినను బాగుండెడిది. "అయితే చెవి కూడా నీదేనే గవరా."

"కాదండి, అది వేరు, ఇది వేరు. దెబ్బ తెలుస్తాది గాని నాదం నాకు తెలీదు. మీరు చెప్పందే నాకు తెలీదు" అని యామె మంచపుకోడు పట్టుకొని యెంత మొఱపెట్టుకొన్నను అతఁడు నమ్మలేదు. తన కున్నదని యతఁడనుకొనిన కడపటి యాస్తియు నానాఁడు చేయి జాఱినది. ఆ దినము మొదలు గంజియైనను త్రాగక, ఆశ్వయుజ బహుళములో నొక తెల్లవాఱుజామున నూపిరి విడిచెను. ఊరివారు వచ్చి, అంతటి చేయి మరల పుట్టదని యేడ్చిరి. గవరమ్మ వారితోఁ గూడ నేడ్చెను.

కర్మాంతరములు ముగిసిన పిమ్మట నామె మరల చిత్రిక పట్టెను. పొరలు తీయుట యామెకుఁ గష్టము కాలేదు. ఎక్కడ నాపవలెనో తెలియుటయే కష్టమయ్యెను. ఒక్కొక్క పొర తీసి చేయి యెత్తి, వినఁబడవలసిన యొక్క మాటకై యలవాటుచొప్పున నెదురుచూచును. గది నిశ్శబ్దము. ఇంకొక పొర తీయవలెనా? తీసినచో మితిమీఱునా? పలకపై వ్రేళ్లాడించి కన్నీరు తుడిచికొని మూఁడు దినము లట్లే తడవికొనెను. నాలవదినమున నిఁక భరింపలేక యాపివేసెను. అది తగినచోటనో, అలసినచోటనో, ఆమెకే తెలియదు. ప్రాత వీణ నొకదానిని ప్రక్కను బెట్టుకొని కొలిచి మైనముపై మెట్లు నిలిపి తంత్రులు బిగించెను.

మార్గశీర్షమున మంచుతెర లింకను వీడని యొక ప్రాతఃకాలమున గవరమ్మ యా వీణను బండిపై గడ్డిలో నునిచి కోసెడు దూరములోని శాస్త్రి యింటికిఁ గొనిపోయెను. వాకిలి యూడ్చుచుండిన పనికత్తె యామెను జూచి, "అయ్యో తల్లీ, ఆయనకి ఏటీ వినపడ్డం లేదమ్మా. దీపావళినాడు పిల్లలు టపాకాయలు కాల్చరేటని అడిగారు" అనెను.

వెనుకకు మరలుటకు గవరమ్మకు మనసొప్పలేదు. లోపలికిఁ బోయి వీణను వృద్ధుని యెదుటఁ బెట్టెను. శాస్త్రి యామె బోసినొసలు చూచి సంగతి గ్రహించి కన్నులు మూసికొనెను. పిమ్మట నడిగెను.

"ఇది నీ చేతిదే కదా, తల్లీ?"

ఎనిమిదేండ్లలో నెవ్వరికిని జెప్పని మాటకు బదులుగా నామె తల యూఁచెను. అది తన దని యొప్పుకొనినది జన్మమున నప్పుడే.

శాస్త్రి వీణ నొడిలోనికిఁ దీసికొని శ్రుతి చేసెను. చెవితోఁ గాదు, తంత్రులను వ్రేలితో నొక్కి వాని బిగువునుబట్టి చేసెను. అఱువదియేండ్లు సాధించిన వ్రేళ్లు మెట్లపై నడచెను. అతని ముఖము మాత్రము చీఁకటియింట దారి తడవువానివలె నుండెను. కొంతసేపటికి వాయించుట యాపి వంగి దండిని పండ్లతోఁ గఱచిపట్టి కుడిచేత నొక్కసారి తంత్రులన్నిటిని మీటెను. ఎముకద్వారముననైన నొక కణము లోపలికిఁ జేరునేమో యని కన్నులు బిగించి వేచెను. మరల మీటెను. తుదకు పండ్లు వదలి వీణను మెల్లగా నేలపై దింపెను.

"లేదు, తల్లీ."

పనికత్తె స్తంభమున కానుకొని వినుచు, శానా బాగుందని కన్నీరు తుడిచికొనెను. వాకిటఁ జేరిన నలువురును బాగున్నదనిరి. వారు బజారులోఁ గొన్న వీణనైనను బాగున్నదనియే యందురు. విని యిది తక్కువ, ఇది యెక్కువ యని చెప్పఁగలిగిన చెవులు రెండే యుండెను. ఒకటి శ్మశానమునఁ గాలిపోయినది. ఒకటి యెదుటనే మూసికొని పోయినది.

శాస్త్రి యామె ముఖమునకుఁ దన ముఖము చేరఁ దెచ్చి పెదవుల కదలికను జదువుటకు సిద్ధపడి చంటివానివలె నడిగెను.

"నాదమెట్లున్నదమ్మా?"

విద్య నేర్చుటకు చేయి చాలును. నేర్చితినని తెలియుటకు మాత్రము మఱియొక ప్రాణి కావలెను. అట్టి ప్రాణి లేనివాఁ డెంతటి పనివాఁడైనను చీఁకటిలో బొమ్మ చెక్కుకొనువాఁడే. గవరమ్మ యా ముదుసలి కన్నులలోనికిఁ జూచెను. అక్కడ నామె యుత్తరము కొఱకు నిరీక్షించుచున్నది యొక జన్మపు తృష్ణ. తాను చెప్పఁబోవునది సత్యమో యసత్యమో యెఱుఁగకయే, ఒక్కొక్క యక్షరమును విడఁదీసి, చప్పుడు చేయవలసిన యవసరము లేదు గనుక చప్పుడు చేయకయే, పెదవులతో మాత్రము పలికెను.

"బాగుందండి."

శాస్త్రి సంతోషముతోఁ దల యూఁచి రెండుచేతు లెత్తి యామెకు నమస్కరించెను. వెలుపల మంచు విడి యెండ వాకిటి ముగ్గుపైఁ బడెను.